కొరివి దెయ్యం ఎక్కడుందో ముందు చూడు

చి. శ్రీనుకి,

అత్త దీవించి రాస్తున్నది. నిన్న నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ నాకు అదే ఆలోచన. సంక్రాంతి సెలవులకి నువ్వూ నీ స్నేహితులిద్దరూ ఊరెళ్లి, చెరువు వెనక రాత్రిళ్లు కనిపించే కొరివి దెయ్యం సంగతి తేల్చేస్తామన్నావు. వెళ్లొద్దని నేను చెప్పను. అదే చెరువు కట్ట మీద పదకొండు రాత్రులు కూర్చున్నదాన్ని, వద్దనే మొహం నాకు లేదు. ఆ "తేల్చేస్తాం" అన్న మాటే నాకు నచ్చలేదు.

ముందు నా తప్పు చెబుతాను. 1991 డిసెంబరు. నాకు టీచరుగా ఉద్యోగం వచ్చి మూడేళ్లు. దెయ్యాలు లేవని క్లాసులో చెప్పే టీచరమ్మ ఊళ్లోవాళ్ల ముందు భయపడకూడదు కదా! దీపం కనపడగానే టార్చి పట్టుకుని దానికేసి నడిచాను. నేను నడిచేకొద్దీ అది వెనక్కి పోతోంది. పావుగంట, ఇరవై నిమిషాలు. చూపంతా దాని మీదే. వెనకాలే వస్తున్న మీ తాతయ్య ఉన్నట్టుండి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగారు. టార్చి కిందికి తిప్పితే రెండడుగుల్లో పాత మోటబావి. చుట్టూ గట్టు లేదు, కంప పెరిగిపోయి ఉంది. ఆయన అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "దెయ్యానికి శ్రమ లేకుండా చేశావు కదే" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. కొరివి దెయ్యం మనిషిని వెంట తిప్పుకుని చంపుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. దూరంగా ఉన్న దీపం వైపు ఎంత నడిచినా దగ్గరపడదు, నడిచేవాడు కాలి కింద చూసుకోడు. ఆ రాత్రి నేను బావిలో పడి ఉంటే పొద్దున్నే ఊరంతా ఏమనుకునేదో నీకు తెలుసు. కాబట్టి దీపం వెంట నడవకండి. కట్ట మీద ఒకచోట కూర్చోండి. అది ఏమిటి అని కాకుండా అది ఎక్కడుంది అని అడగండి.

కూర్చునే ముందు ఊళ్లోవాళ్లని అడగాలి. ఒక్కొక్కళ్లనీ విడిగా అడగండి, నలుగురినీ కూర్చోబెట్టి అడిగితే నలుగురిదీ ఒకే కథ అవుతుంది. ఎక్కడ నిలబడి చూశారు, ఏ చెట్టుకి ఏ పక్కన, ఎన్నింటికి, కొండకి పైనా కిందా? వీలైతే వాళ్లని అక్కడికే తీసుకెళ్లి వేలు పెట్టి చూపించమనండి. మీ లెక్కలేవీ వాళ్ల ముందు విప్పకండి. అప్పట్లో చాకలి వీధిలో ఒక పెద్దామె నాతో, "అది కొండ మీంచి మెల్లగా దిగుద్దమ్మా, దిగి దిగి రెండవుద్ది, ఆరిపోద్ది" అంది. నేను పైకి నవ్వలేదు గానీ లోపల నవ్వుకున్నాను. నవ్వాల్సింది నన్ను చూసి. ఆమె ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు, ఒక్క ముక్క తక్కువ చెప్పలేదు.

తర్వాత రాత్రుల్లో నేను చేసిందల్లా ఇది. కట్ట మీద నేనొకచోట, మీ నాన్న అర కిలోమీటరు అవతల ఇంకోచోట. ఇద్దరి దగ్గరా వాచీలు, స్కూలు నుంచి తెచ్చిన దిక్సూచులు. దీపం కనపడిన నిమిషం, అది ఏ దిక్కున ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో ఎవరికి వాళ్లం రాసుకున్నాం. లెక్క నీకు చెప్పక్కర్లేదు. రెండు చోట్ల నుంచి చూసిన కోణాల్లో ముప్పై డిగ్రీల తేడా వస్తే అది కిలోమీటరు లోపే ఉన్నట్టు. మూడు డిగ్రీలే వస్తే తొమ్మిదిన్నర కిలోమీటర్ల అవతల ఉన్నట్టు. మాకు తేడా రెండు డిగ్రీలు కూడా రాలేదు. చెరువు వెనక తుంగలో ఉందనుకున్న దెయ్యం నల్లమల కొండ మీద ఉంది! పగలు అదే చోట నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తే ఆ దిక్కున కొండల సందులో గీతలా ఘాట్ రోడ్డు మలుపు.

అయినా మీ తాతయ్య ఒప్పుకోలేదు. "రోడ్డు అక్కడుంది, సరే. దీపం రోడ్డుదేనని ఏంటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని మీ నాన్న తెలిసినవాళ్ల జీపులో ఆ మలుపు దాకా వెళ్లి, రోడ్డు పక్కన ఆపి, ముందే అనుకున్నట్టు సరిగ్గా తొమ్మిదిన్నరకి హెడ్‌లైట్లు మూడుసార్లు ఆర్పి వెలిగించాడు. కట్ట మీద కూర్చున్న మాకు దెయ్యం మూడుసార్లు కన్ను కొట్టింది.

పెద్దామె చెప్పిన "రెండవుద్ది" సంగతి మాత్రం చాలాకాలం నన్ను తిప్పలు పెట్టింది. లారీ రెండు లైట్లూ విడిపోయి కనిపిస్తున్నాయని మొదట అనుకున్నాను. తప్పు. నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఆ రెండూ మన కంటికి ఒక్కటే. విడిపోయేవి ఒకదాని వెనక ఒకటి దిగే రెండు లారీలు.

ఇలా చూసిన వాళ్లం మనమే కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని పాల్డింగ్ దగ్గర అడవిలో కనిపించే దీపాన్ని 2010లో మిషిగన్ టెక్ విద్యార్థులు టెలిస్కోపులో చూసి, హైవే మీద వెళ్లే కార్లని తేల్చారు. మలుపులో కారు లైట్లు మిణుకుమిణుకుమనిపించి మరీ సరిచూసుకున్నారు. టెక్సస్‌లో మార్ఫా దీపాల్ని 2004లో డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఫిజిక్స్ విద్యార్థులు నాలుగు రాత్రులు కనిపెట్టి చూశారు, అక్కడా తేలింది హైవే మీది కార్ల లైట్లే. ఆస్ట్రేలియాలో మిన్ మిన్ దీపాలంటారు. జాక్ పెట్టిగ్రూ అనే శాస్త్రవేత్త చలి రాత్రి పది కిలోమీటర్ల అవతల కారు లైట్లు వేయించి, ఆ దీపాన్ని తనే పుట్టించాడు. నేల చల్లబడి, దాని మీది గాలి కంటే పై గాలి వెచ్చగా ఉంటే వెలుగు వంగి ప్రయాణిస్తుంది, దిగంతం కిందున్న దీపం కూడా పైకి తేలి కనిపిస్తుంది. సంక్రాంతి చలిలో మీకూ ఇది తగలొచ్చు. అందుకే ఒక రాత్రి కనపడి ఇంకో రాత్రి కనపడకపోతే కంగారు పడకండి.

అయితే సైన్సు పేరుతో తొందరపడి తప్పు చేసినవాళ్లూ ఉన్నారు. నార్త్ కరోలినాలో బ్రౌన్ మౌంటెన్ దీపాల్ని 1913లో ప్రభుత్వ జియాలజిస్టు ఒకాయన వచ్చి చూసి, రైలింజన్ల లైట్లని చెప్పి వెళ్లిపోయాడు. 1916లో వరదలొచ్చి రైళ్లు ఆగిపోయాయి. దీపాలు ఆగలేదు! ఊళ్లోవాళ్లకి ఎంత సంబరమో ఊహించుకో. 1922లో ఇంకొకాయన మళ్లీ వచ్చి ఒక్కో దీపానికీ దిక్కు కొలిచి, దాదాపు సగం కార్లు, మూడో వంతు రైళ్లు, మిగిలినవి ఇళ్ల దీపాలూ పొదల మంటలూ అని లెక్క తేల్చాడు. ఒక ఊరి దీపాలన్నిటికీ ఒకే కారణం ఉండాలని లేదు, అంతే.

మన దగ్గరా అంతే. నా పదకొండు రాత్రుల్లో రెండు రాత్రులు కనిపించినవి పీతలు పట్టేవాళ్ల పెట్రోమాక్స్ లైట్లు. ఒక రాత్రి చూసింది తెల్లవారుజామున తూర్పున లేస్తున్న శుక్రుణ్ణి, దానికి నేను గంటసేపు సిగ్గు లేకుండా నోట్స్ రాశాను. గొర్రెల మందల దగ్గర నెగడు, మోటారు వేయడానికి చేలోకి వెళ్లే రైతు టార్చి, గాలి తోలినప్పుడు కాటి బూడిదలో ఎర్రబడే నిప్పు, ఇవన్నీ ఉంటాయి. పొదలో మెరిసేది నక్క కన్నో పిల్లి కన్నో అనిపిస్తే మీ టార్చి ఆర్పండి. కన్నయితే అదీ ఆరిపోతుంది.

ఇక నువ్వు, చెరువు బురదలో పుట్టే మీథేన్ గ్యాసు మండి దీపంలా కనిపిస్తుందన్నావు. పుస్తకాల్లో అందరూ రాసేది అదే. వోల్టా అనే శాస్త్రవేత్త 1776లో ఇటలీలో ఒక సరస్సు బురదలోంచి పట్టిన గ్యాసు అది, మన గోబర్ గ్యాసు పొయ్యిలో మండేదీ అదే. కానీ గోబర్ గ్యాసు అగ్గిపుల్ల లేకుండా అంటుకోవడం ఎప్పుడైనా చూశావా? అయిదొందల డిగ్రీలు దాటితే గానీ అది తనంతట అంటుకోదు. ఫాస్ఫీన్‌తో కలిసి ఉండే ఇంకో వాయువు గాలి తగలగానే మండుతుందని కొందరంటారు. 2025లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ రిచర్డ్ జేర్ బృందం నీళ్లలో లేచే సన్నని మీథేన్ బుడగల మధ్య చిన్న చిన్న మెరుపులు పుడతాయని ప్రయోగంలో చూపించింది. చాలా ముచ్చటేసింది నాకు. ప్రయోగశాలలో సాధ్యమైనది మన చెరువులో జరిగిందని చెప్పడానికి మాత్రం అది చాలదు.

ఫోన్ చేత్తో పట్టుకుని తీసిన వీడియో నాకు పంపకు. నైట్ మోడ్‌లో పాములా మెలికలు తిరిగేది దీపం కాదు, నీ చెయ్యి. స్టాండు పెట్టు, జూమ్ ముట్టుకోకు, ఫ్రేములో ఎక్కడో ఒక వీధి దీపం పడేలా చూసుకో. పొద్దున్నే స్టాండు కదపకుండా అదే ఫొటో ఇంకోటి తియ్యి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పెడితే సగం పని అయిపోతుంది. ఫోన్‌లో దిక్సూచి అయిదారు డిగ్రీలు ఇట్టే తప్పుతుంది, దాన్ని నమ్ముకోకు. ఇంకొకటి: చీకట్లో ఒంటరి చుక్కని తేరి చూస్తే కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది. తాటి మాను అంచుకి ఆనించి చూడు. మానుకీ దీపానికీ మధ్య ఎడం మారితేనే అది కదిలినట్టు.

వీటన్నిటికంటే ముందు, రోజంతా పగలు తిరిగి బావులు, గోతులు, కరెంటు స్తంభాలు చూసుకోండి. మొదటి రాత్రి అమావాస్యకి కాదు, వెన్నెల్లో వెళ్లండి. చేలగట్ల మీద నడవద్దు. అడవి పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు లాగేవాళ్లున్నారు, అవి చీకట్లో కనపడవు. రక్తపింజర, కట్లపాము రెండూ రాత్రే తిరుగుతాయి. ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్టడం, కోయడం, మంత్రం పెట్టించడం ఏదీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవడమే.

పాము కంటే మనుషుల సంగతి నాకు ఎక్కువ భయం. రాత్రిపూట కట్ట మీద ముగ్గురు కొత్తవాళ్లు, చేతిలో స్టాండూ పరికరాలూ. గుప్తనిధుల వాళ్లనుకుంటారు, లేదా చేతబడి అనుకుంటారు. 2018లో పిల్లల దొంగలని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి అమాయకుల్ని ఎలా కొట్టారో మర్చిపోకు. సర్పంచికీ స్టేషన్‌కీ ముందే చెప్పండి. ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకెళ్లండి.

నా పదకొండో రాత్రి సంగతి చెప్పలేదు కదూ. తుంగ మీద, జానెడు ఎత్తున, నీలంగా ఒక వెలుగు. మూడు నాలుగు సెకన్లు. మీ నాన్న అవతలి చోటు నుంచి చూడలేదు, కాబట్టి కొలత లేదు. నోట్‌బుక్‌లో "తెలియదు" అని రాశాను. ఇప్పటికీ అదే. గ్యాసని రాయాలని చెయ్యి లాగింది, రాయలేదు. నార్వేలో హెస్‌డాలెన్ లోయలో కనిపించే దీపాల్ని 1983లో మొదలుపెట్టి, 1998 నుంచి ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి చూస్తున్నవాళ్లకే కొన్ని అంతు చిక్కలేదు. నాదెంత?

మీ అమ్మకి మాత్రం సెకండ్ షోకి వెళ్తున్నామని అబద్ధం చెప్పకండి, ఎక్కడ కూర్చుంటారో చెప్పే వెళ్లండి. ఫోన్‌పేలో మూడు వేలు వేశాను. గమ్ బూట్లకి. ట్రైపాడ్‌కి కాదు.

మీ అత్త