టెక్ సందేహాలు: ఫ్రాన్స్ సూపర్ మార్కెట్ కార్డు, మాయమవుతున్న కాన్యోత్

ఫ్రాన్స్‌లో విద్యా సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు లియోన్, తులూజ్, గ్రెనోబ్ల్ వంటి నగరాలకు కొత్తగా చేరిన తెలుగు విద్యార్థుల నుంచి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డుల తర్వాతి స్థానం సూపర్ మార్కెట్ లాయల్టీ కార్డులదే. బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్నావిడ ‘వూ జావే లా కార్త్?’ అని కార్డు అడగడం, వీరు తెల్లమొహం వేయడం, వెనక నిలుచున్నవారు విసుక్కోవడం అందరి ఉత్తరాల్లోనూ ఉన్నదే కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. యాప్‌లో ఖాతా ఎలా తెరవాలో కూడా ఇక్కడ చెప్పబోవడం లేదు. అది అక్కడి తెర మీదే రాసి ఉంటుంది. రాసి ఉండని సంగతులే చెబుతాను.

ప్రశ్న: కాఫీ పొడి ప్యాకెట్ ఉన్న అర అంచున ధర 3,96 (అంటే 3.96) యూరోలు అని పెద్ద అంకెలతో ఉంది. కౌంటర్‌లో కార్డు స్కాన్ చేశాక కూడా 6 యూరోలు తీసుకున్నారు. యాప్‌లో ఏదైనా లోపమా? (లియోన్ నుంచి ఒక విద్యార్థిని)

యాప్‌లో లోపమేమీ లేదు. లోపమంతా ఆ ధర చీటీని రూపొందించిన వారి బుద్ధిలో ఉంది. ఫ్రాన్స్‌లో తగ్గింపులు రెండు రకాలు. మొదటిది ‘రెమీజ్ ఇమేదియాత్’, అంటే కౌంటర్‌లో అప్పటికప్పుడే బిల్లులో తగ్గేది. రెండోది కాన్యోత్ రకం: మీరు ముందు పూర్తి ధర చెల్లిస్తారు, తగ్గింపు సొమ్ము మీ కార్డు ఖాతాలో జమవుతుంది (ఆ నిల్వనే కాన్యోత్ అంటారు), దానిని ఆ తర్వాతి కొనుగోళ్లలో వాడుకోవాలి. మీ కాఫీ పొడి విషయంలో 6 యూరోల మీద 34 శాతం, అంటే 2,04 యూరోలు కాన్యోత్‌లో చేరాయి. ఆ సొమ్ము తీసేస్తే మిగిలే 3,96ని చీటీ మీద కొట్టొచ్చినట్టు వేసి, అసలు చెల్లించవలసిన 6 యూరోలను చిన్న అక్షరాలతో ఒక మూలకు నెట్టారు. మీ బిల్లు అడుగు భాగం చూడండి. ఈ కొనుగోలుతో జమైన మొత్తం, కార్డులో ఉన్న మొత్తం నిల్వ సాధారణంగా అక్కడ విడివిడిగా ఉంటాయి. చీటీ మీద కార్డు ప్రయోజనం తీసేసిన తర్వాతి ధర అన్న అర్థంలో ‘దెద్యూయి’ అనే మాట కనిపిస్తే, పెద్ద అంకెను నమ్మకుండా చిన్న అంకెను వెతకండి.

ఆ 34 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘మన దగ్గరిలా ఒకటి కొంటే ఒకటి ఉచితం ఇక్కడ ఎందుకు ఉండదు’ అని మరికొందరు అడిగారు. రైతుకు గిట్టుబాటు ధర దక్కాలన్న ఉద్దేశంతో తెచ్చిన ఎగాలిమ్ చట్టం కింద, 2019 జనవరి నుంచి ఆహార వస్తువుల మీద ప్రమోషన్ తగ్గింపు అమ్మకపు ధరలో 34 శాతాన్ని దాటకూడదు. వెంటనే ఇచ్చినా, కార్డులో జమ చేసినా ఈ పరిమితి ఒక్కటే. 2024 మార్చిలో సబ్బులు, షాంపూలు, ఇల్లు శుభ్రం చేసే సరుకులకు కూడా ఇలాంటి పరిమితి తెచ్చారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే 50 శాతం తగ్గింపు కాబట్టి బిస్కెట్ల మీద అది కుదరదు. రెండు కొంటే మూడోది ఉచితం అంటే 33 శాతం చిల్లర కాబట్టి కుదురుతుంది. రెండో ప్యాకెట్ మీద 68 శాతం తగ్గింపు అంటూ గోడనిండా వేసే ప్రకటన రహస్యమూ ఇదే. 5 యూరోల ప్యాకెట్లు రెండు తీసుకుంటే తగ్గేది 3,40 యూరోలు, అది మొత్తం పది యూరోల మీద సరిగ్గా 34 శాతం. ఒక్క ప్యాకెట్ చాలనుకున్న వారికి ఆ 68 వల్ల ఒరిగేది సున్నా.

చట్టం ఇంత కచ్చితంగా గీత గీస్తే, యాప్‌లు తయారు చేసేవారు ఆ గీతకు ఇవతల కొత్త గోతులు తవ్వుతున్నారు. వాటిలో నాకు బొత్తిగా గిట్టనిది కూపన్‌ను ముందుగా యాక్టివేట్ చేయాలన్న నిబంధన. మీ ఖాతా వారి దగ్గరే ఉంది, మీరు ఏమి కొన్నారో వారికి తెలుసు, కూపన్ ఇచ్చిందీ వారే. అయినా కౌంటర్‌కు రాకముందే ఒక బొత్తాం నొక్కలేదు కాబట్టి తగ్గింపు లేదంటారు. సాంకేతికంగా దీనికి ఏ అవసరమూ లేదు. రోజూ యాప్ తెరిపించడానికీ, మరిచిపోయే వారికి తగ్గింపు ఎగ్గొట్టడానికీ తప్ప ఆ బొత్తాం ఇంకెందుకూ పనికిరాదు. పైగా చాలా దుకాణాల లోపల సెల్ సిగ్నల్ అందదు. బయట నిలుచుని యాక్టివేట్ చేసుకుని లోపలికి వెళ్లండి.

ప్రశ్న: నా ఫోన్‌లో ప్లే స్టోర్ ‘ఈ యాప్ మీ దేశంలో లేదు’ అంటోంది. స్నేహితుడు వేరే సైటు నుంచి ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు) దింపుకుని వేసుకున్నాడు. నేనూ అలా చేయవచ్చా? (గ్రెనోబ్ల్)

చేయవద్దు. మీ గూగుల్ ఖాతా ఇంకా భారతదేశానికి చెందినదిగానే ఉంది, అంతే. ప్లే స్టోర్‌లో దేశం మార్చుకోవచ్చు గానీ అందుకు ఫ్రాన్స్ బ్యాంకు కార్డు వంటి చెల్లింపు సాధనం కావాలి, ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు, పాత దేశపు ప్లే బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. అంతకంటే తేలిక మార్గం ఒకటుంది: ఫ్రాన్స్‌లో ఉండగా మరో గూగుల్ ఖాతా తెరిచి అదే ఫోన్‌లో చేర్చుకుని, స్థానిక యాప్‌లను దాని ద్వారా దింపుకోండి. ఐఫోన్ వారు దేశం మార్చాలంటే స్టోర్‌లో నిల్వ సొమ్ము, నడుస్తున్న చందాలు ఏవీ ఉండకూడదు. ఆ తలనొప్పి వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో కొనుగోళ్ల విభాగానికి మాత్రమే వేరే ఖాతాతో లాగిన్ కావచ్చు. ఇదేదీ కుదరకపోతే, కస్టమర్ కౌంటర్‌లో ఉచితంగా ప్లాస్టిక్ కార్డు ఇచ్చే సంస్థలు ఇంకా చాలానే ఉన్నాయి. ఈ-చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మీ ఇంటి బ్యాంకు యాప్, యూపీఐ, ఓటీపీలు అన్నీ ఉన్న ఫోన్‌లోకి ఊరూపేరూ లేని ఫైలును అరడజను గుడ్ల మీద తగ్గింపు కోసం రానివ్వడం ఏ లెక్కన చూసినా నష్టపు బేరమే.

ప్రశ్న: నెలల తరబడి పొదుపు చేసిన కాన్యోత్ ఒక్కరోజులో సున్నా అయింది. మేం ఆ రోజు దుకాణానికే వెళ్లలేదు. మా ఫ్లాట్‌లో నలుగురం ఒకే కార్డు వాడుతున్నాం, బార్‌కోడ్ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గుంపులో ఉంది. ఎవరైనా హ్యాక్ చేశారా? (తులూజ్)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. కాన్యోత్ అన్నది పాయింట్లు కాదు, కూపన్లు కాదు, ఆ దుకాణంలో యూరోకు యూరో చెల్లే సొమ్ము. అయితే సొమ్ముకు ఉండవలసిన కాపలా దానికి లేదు. మీ బ్యాంకు కార్డును కౌంటర్‌లో పెడితే చిప్పు ప్రతి లావాదేవీకి కొత్త సంకేతం తయారు చేస్తుంది; పెద్ద మొత్తమైతే పిన్ అడుగుతుంది. లాయల్టీ కార్డు మీది బార్‌కోడ్ మాత్రం ఎప్పటికీ మారని ఒక సంఖ్యకు గీసిన బొమ్మ. దాని ఫొటో తీసినా, స్క్రీన్‌షాట్ పంపినా, జిరాక్స్ తీసినా స్కానర్‌కు తేడా తెలియదు. కాన్యోత్ వాడేటప్పుడు రహస్య కోడ్ అడిగే ఏర్పాటు కొన్ని సంస్థలలో ఉంది. అది లేని చోట బొమ్మ ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిదే.

ఆ గుంపులో నలుగురే ఉన్నారని మీరు అనుకుంటున్నారు. నిరుడు ఫ్లాట్ ఖాళీ చేసిన వారు గుంపులోంచి వెళ్లిపోయినా, వారి ఫోన్ గ్యాలరీలోంచి మీ బార్‌కోడ్ వెళ్లిపోదు. అందుకని మొదట అనుమానించవలసింది హ్యాకర్‌ను కాదు, ఆ స్క్రీన్‌షాట్ ప్రయాణించిన దారిని.

రెండో దారి పాస్‌వర్డ్. ఎక్కడో ఒక సైటు నుంచి లీకైన ఈమెయిలు, పాస్‌వర్డ్ జంటలను సూపర్ మార్కెట్ ఖాతాలపై యంత్రాలతో వరుసగా ప్రయత్నించి, తెరుచుకున్న వాటిలో కాన్యోత్ ఎక్కువ ఉన్నవాటిని ఏరి, వాటి బార్‌కోడ్‌లను టెలిగ్రామ్ గుంపుల్లో సగానికి సగం ధరకు అమ్మే ముఠాలు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. కొన్నవాడు దర్జాగా ఏదో ఊరి దుకాణంలో సరుకులు తీసుకుపోతాడు. కళాశాల పోర్టల్‌కూ, రైలు టికెట్ల యాప్‌కూ, లాయల్టీ ఖాతాకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వారికి ఇది జరగడంలో ఆశ్చర్యం లేదు. ఉప్పూ పప్పుల ఖాతాయే కదా అన్న చులకన వల్లనే అందరూ అతి బలహీనమైన పాస్‌వర్డ్ ఇక్కడ పెడతారు.

మూడో దారిలో మీ తప్పు ఏమీ ఉండదు. 2024 నవంబరులో ఓషాన్ అనే సూపర్ మార్కెట్ సంస్థ నుంచి 5 లక్షల మందికి పైగా కస్టమర్ల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, కార్డు సంఖ్యలతో పాటు కాన్యోత్ నిల్వలు కూడా బయటపడ్డాయి. 2025 ఆగస్టులో అదే సంస్థ లక్షల మందికి సంబంధించిన మరో లీకును ప్రకటించింది. బ్యాంకు వివరాలు పోలేదని సంస్థ చెప్పింది, అది ఊరటే. కానీ మీ పేరు, కార్డు సంఖ్య, నిల్వ ఎంతో తెలిసిన మోసగాడు ‘మీ కాన్యోత్ రేపటితో ముగుస్తుంది, ఈ లింకు నొక్కండి’ అని ఎస్సెమ్మెస్ పంపితే నమ్మనివారు ఎందరుంటారు? ఆ దేశానికి కొత్తగా వచ్చి, ఫ్రెంచ్‌ను అనువాద యాప్‌లో పెట్టి చదువుకునే వారికి ఆ సందేశంలోని అక్షర దోషాలు, వింత వాక్యాలు కంటపడవు. ఫ్రెంచ్ వారు పసిగట్టేది వాటినే. అలాంటి సందేశాన్ని 33700 నంబరుకు ఫార్వర్డ్ చేస్తే అక్కడి టెలికాం సంస్థలకు చేరుతుంది. లింకు నొక్కి వివరాలు ఇచ్చేసిన వారు 17సైబర్ అనే ప్రభుత్వ సేవలో ఏం చేయాలో తెలుసుకోవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసింది: పాస్‌వర్డ్ మార్చండి, ఎక్కడా వాడనిది పెట్టండి, యాప్‌లో లావాదేవీల చరిత్ర తెరిచి సొమ్ము ఏ దుకాణంలో, ఏ తేదీన వాడారో చూసి ఆ వివరాలతో కస్టమర్ సర్వీసుకు రాయండి, కార్డు సంఖ్యనే మార్చి ఇమ్మని అడగండి, ఎందుకంటే పాత బార్‌కోడ్ బతికున్నంత కాలం కొత్త పాస్‌వర్డ్ వల్ల సగమే ప్రయోజనం. నలుగురూ నాలుగు కార్డులు తీసుకోండి, అవి ఉచితమే. కాన్యోత్‌ను క్రిస్మస్ దాకా కూడబెట్టకుండా పది యూరోలు దాటగానే ఖర్చు పెట్టేయండి. దానికి వడ్డీ రాదు, పైగా చాలా చోట్ల గడువు ఉంటుంది.

అరనిమిషానికోసారి మారే కోడ్‌ను తెర మీద చూపించడం ఈ కాలంలో ఏ యాప్‌కైనా పెద్ద పనేమీ కాదు. ప్రకటనల బ్యానర్లు క్షణక్షణానికీ మార్చగలిగిన వారికి బార్‌కోడ్ మార్చడం రాదంటే నేను నమ్మను.

ప్రశ్న: ఖాతా తెరవడానికి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, పిల్లలెందరు అని అడుగుతున్నారు. కౌంటర్‌లో బిల్లు కూడా ఈమెయిలుకు పంపుతామంటున్నారు. అన్నీ ఇవ్వాలా? (రెన్)

నక్షత్రం గుర్తు లేని గళ్లు ఖాళీగా వదిలేయండి. మన దేశంలో కౌంటర్‌లో ఫోన్ నంబరు అడిగితే ఎందుకని అడగకుండా చెప్పేసే మన అలవాటును విమానంలో వెంట తీసుకువెళ్లవలసిన పని లేదు. యూరప్ డేటా చట్టం కింద మీ గురించి వారి దగ్గర ఉన్నదంతా చూపించమని అడిగితే సాధారణంగా నెలలోగా జవాబు ఇవ్వాలి. సంస్థలు తమంతట తాము పాత వివరాలు చెరిపేస్తాయన్న భ్రమ వద్దు: 2020 నవంబరులో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ క్నిల్, సూపర్ మార్కెట్ సంస్థ కార్‌ఫూర్‌కు 22 లక్షల 50 వేల యూరోల జరిమానా విధించింది. అయిదు నుంచి పదేళ్లుగా దుకాణం మొహం చూడని 2 కోట్ల 80 లక్షల మందికి పైగా కస్టమర్ల వివరాలను లాయల్టీ పథకంలో అలాగే ఉంచుకోవడం అందుకు చూపిన కారణాల్లో ఒకటి. చదువు ముగించుకుని హైదరాబాదుకో విశాఖకో తిరిగి వచ్చేవారు బ్యాంకు ఖాతా మూసినట్టే ఈ ఖాతాలనూ మూసి, వివరాలు తొలగించమని రాసి రావాలి.

బిల్లు సంగతి: 2023 ఆగస్టు 1 నుంచి ఫ్రాన్స్‌లో బిల్లు దానంతట అది ముద్రించరు, అడిగితే ఇస్తారు. ఈమెయిలు ఇవ్వకపోతే బిల్లు లేదనడం కుదరదు. కాన్యోత్ లెక్క సరిచూసుకోవడానికి కాగితం చేతిలో ఉండటమే మేలు, అడగండి.

ప్రశ్న: దుకాణం ప్రవేశద్వారం దగ్గర ఒకాయన పెద్ద తగ్గింపులు వచ్చే కార్డు అంటూ జీతం వివరాలు అడిగాడు. ఇది మామూలేనా? (లిల్)

ఆయన ఇస్తానన్నది లాయల్టీ కార్డు కాదు, దానితో జతపరిచిన బ్యాంకు కార్డు, బహుశా అప్పు సౌకర్యంతో. ఇలాంటి కార్డుతో అప్పు లేకుండా అప్పటికప్పుడే చెల్లించే వీలు తప్పక ఉండాలని 2010 నాటి లగార్డ్ చట్టం చెబుతోంది, అయినా కౌంటర్ యంత్రం ‘కోంతాన్’ (అప్పటికప్పుడు చెల్లింపు), ‘క్రెదీ’ (అప్పు) అని రెండు ఎంపికలు చూపినప్పుడు తొందరలో రెండోది నొక్కిన వారు నెలనెలా వడ్డీ కడుతున్నారు. గుర్తుపట్టడం సులువే: అప్పు ఇచ్చే ప్రతి ప్రకటన మీద, అప్పు మిమ్మల్ని కట్టుబడి ఉండేలా చేస్తుందనీ, తిరిగి చెల్లించి తీరాలనీ చెప్పే ఒక వాక్యం అచ్చువేయాలని అదే చట్టం నిర్దేశించింది. అది ‘అన్ క్రెదీ వూ జాంగాజ్’ అని మొదలవుతుంది. ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకుండా, బ్యాంకుతో సంబంధం లేని ఉచిత కార్డు కావాలని లోపలి కస్టమర్ కౌంటర్‌లో అడగండి. దానికి జీతం వివరాలు అక్కర్లేదు.