స్నానాల నీళ్ళు దేని మీద కాస్తున్నారో ముందు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, ఇంట్లో చిన్నపిల్లలతో కలిపి ఆరుగురు, నెలకు 28 వేల జీతం ఒక్కటే ఆధారం, తెల్ల రేషన్ కార్డు లేదు, సిలిండరు 24 రోజులకే అయిపోతోంది, అత్తగారు డాబా మీద కట్టెల పొయ్యి పెడదామంటున్నారు, ఎక్కడ తగ్గించాలో తోచడం లేదు అని రాశారు. నేనూ ఇదే ఊళ్ళో ఇలాంటి లెక్కలతోనే ఇరవై ఏళ్ళుగా సంసారం నడుపుతున్నాను. కనుక నాకు తెలిసినది చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. స్నానాలకు నీళ్ళు దేని మీద కాస్తున్నారు? గ్యాసు పొయ్యి మీద అయితే, మీ 24 రోజుల రహస్యంలో సగం అక్కడే ఉంది.

2022 చలికాలంలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మేము ఐదుగురం. వేసవిలో 40 రోజులకు పైగా వచ్చే సిలిండరు డిసెంబరులో 26 రోజులకే చేతులెత్తేసింది. అప్పుడు ఇక్కడ సిలిండరు ధర 1,105 రూపాయలు. ఎక్కడో లీకవుతోందని భయపడి పైపు మార్పించాను, రెగ్యులేటర్ చూపించాను. ఏ లోపమూ లేదు. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి తన భౌతికశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని లెక్క కట్టాడు. ఎనిమిది లీటర్ల చల్లటి నీళ్ళను స్నానానికి పనికొచ్చేంత వేడి చేయడానికి సుమారు 45 గ్రాముల గ్యాసు కావాలి. వినడానికి చాలా తక్కువ. కానీ రోజుకు నాలుగు బకెట్లంటే 180 గ్రాములు, నెలకు ఐదు కిలోలకు పైనే. సిలిండరులో ఉండేదే 14.2 కిలోలు. అంటే దాదాపు మూడో వంతు స్నానాలగదిలోకే పోతోందన్నమాట. నేను మాత్రం అన్నేళ్ళూ పోపు పెట్టేటప్పుడు మంట తగ్గించి ఏదో ఆదా చేస్తున్నాననుకున్నాను.

మరి మేము ఏం చేశామంటే, డాబా మీద నల్లరంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఎండ తగిలే చోట పెట్టించాం. ఇంటి యజమాని అభ్యంతరం చెప్పలేదు. చలికాలంలో కూడా మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. అత్తయ్య స్నానం పొద్దున్నుంచి మధ్యాహ్నానికి మార్చుకున్నారు. మొదట్లో పూజ వేళ తప్పుతుందని బాధపడ్డారు గానీ, ఎండవేళ స్నానం చేస్తే కీళ్ళనొప్పులకు హాయిగా ఉందని తర్వాత ఆవిడే అన్నారు. పిల్లలు సాయంత్రం బడి నుంచి రాగానే చేసేవారు. పొద్దున తప్పనిసరి అయిన మా ఆయన ఒక్కరికే నీళ్ళు కాచేదాన్ని. ఆ తర్వాతి సిలిండరు 37 రోజులు వచ్చింది.

ఈ రోజుల లెక్క ఎలా తెలిసిందంటే, గోడ మీది క్యాలెండరులో సిలిండరు మార్చిన తేదీకి సున్నా చుడతాను. ఆ అలవాటు 2012లో వచ్చింది. ఆ సెప్టెంబరులో కేంద్రం సబ్సిడీ సిలిండర్లను ఏడాదికి ఆరుకు పరిమితం చేసింది. చిన్నపిల్లలున్న ఇంటికి రెండు నెలలకొక సిలిండరు అంటే నాకు నిద్ర పట్టలేదు. 2013 జనవరిలో తొమ్మిది చేశారు, 2014 మొదట్లో పన్నెండు చేశారు. ఆ తర్వాత 2020 మధ్య నుంచి మాలాంటి వాళ్ళ ఖాతాల్లో సబ్సిడీ పడటం దాదాపు ఆగిపోయింది. నియమాలు ఎన్ని మారినా నేను సున్నాలు చుట్టడం మానలేదు. మీరు కూడా వెంటనే మొదలుపెట్టండి. పాత క్యాలెండర్లు దాచుకోండి. ఏ నెలలో ఎన్ని రోజులు వచ్చిందో కనిపిస్తే, తేడా ఎందుకు వచ్చిందో మీకే గుర్తుకొస్తుంది. చుట్టాలు వచ్చారు, పిండివంటలు చేశాం, నీళ్ళు కాచాం, ఇలా.

ధర విషయంలో నేను పాఠం నేర్చుకున్నాను. 2023 మార్చిలో హైదరాబాద్‌లో 1,155కి చేరింది. ఆ ఆగస్టు చివర 200 తగ్గించారు, 2024 మార్చిలో ఇంకో 100 తగ్గించి 855 చేశారు, 2025 ఏప్రిల్‌లో 50 పెంచి 905 చేశారు. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా బయటి నుంచి రావలసిందే. సౌదీ అరేబియా గ్యాసు ధర, రూపాయి విలువ, ప్రభుత్వ నిర్ణయం, ఈ మూడింటిలో ఏదీ మన వంటింట్లో లేదు. అందుకని నేను ధర గురించి ఆలోచించడం తగ్గించి, రోజులు పెంచుకోవడం మీద పడ్డాను.

పథకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 ఫిబ్రవరి చివర తెలంగాణలో మొదలైన 500 రూపాయల సిలిండరుకూ, 200 యూనిట్ల ఉచిత కరెంటుకూ రేషన్ కార్డు కావాలి. పట్టణాల్లో కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. మీ జీతం లెక్కన అది రాదు. మనలాంటి వాళ్ళం ఎటూ కాకుండా మధ్యలో ఉండిపోయామని నాకూ బాధగానే ఉంటుంది. మీ పుట్టింటివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే, అక్కడ 2024 నవంబరు నుంచి అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు, వాళ్ళకు చెప్పండి. మీకు కార్డు లేకపోయినా అందేది ఒకటుంది. ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. దారాలు, లైనింగు గుడ్డ కోసం నెలకు నాలుగైదుసార్లు కోఠికి, బేగంబజారుకు వెళ్ళాలి. ఆ ఖర్చు పూర్తిగా మిగిలింది.

సిలిండరు ఇంటికొచ్చినప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. దాని పైభాగంలో ఖాళీ సిలిండరు బరువు అచ్చు గుద్ది ఉంటుంది. దానికి 14.2 కలిపితే వచ్చే బరువు ఉండాలి. తెచ్చిన అబ్బాయిని తూచి చూపించమని అడగడం మన హక్కు. మాకు ఒకసారి తూచినప్పుడు కిలోకు పైగా తగ్గింది. వెనక్కి పంపి వేరేది తెప్పించుకున్నాను. అలాగే డెలివరీ ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. పైన 50 ఇవ్వమని అడిగితే బిల్లు చూపించి మర్యాదగా కాదనండి. మా మూడో అంతస్తుకు మోసుకొచ్చే అబ్బాయికి నేను మంచినీళ్ళు, పండగ రోజుల్లో కొంత డబ్బు ఇస్తాను. అది నా ఇష్టంతో ఇచ్చేది. అడిగి వసూలు చేసేది వేరు.

వంటలో చిన్న చిన్న మార్పులు చాలా ఉన్నాయి. నాకు నిజంగా తేడా చూపించినవే చెబుతాను. బియ్యం అరగంట, కందిపప్పు గంట నానబెట్టండి. కుక్కరులో గిన్నెల మీద గిన్నె పెట్టి అన్నం, పప్పు, కూరకు కావలసిన దుంపలు ఒకేసారి ఉడికించండి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, ఆపేశాక ఆవిరి తనంతట పోయేదాకా మూత తీయకండి. ఆ ఆవిరిలోనే మిగతాది ఉడుకుతుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తూ గిన్నెల అడుగు నల్లబడుతోందంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం, శుభ్రం చేయించండి. ఆరుగురికి వేర్వేరు వేళల్లో దోసెలు పోయడం కంటే ఒకే వాయి ఇడ్లీలు చాలా నయం. మా ఇంట్లో దోసెలు ఇప్పుడు ఆదివారం మాత్రమే, అందరూ కూర్చున్నాకే పెనం వేడెక్కుతుంది.

ఇండక్షన్ పొయ్యి కొనాలా అన్నారు. కరెంటు బిల్లు చూసి నిర్ణయించుకోండి. ఒక సిలిండరు చేసే పనికి ఇండక్షన్ మీద దాదాపు 140 యూనిట్లు అవుతాయని మా లెక్క. మన దగ్గర నెలకు 200 యూనిట్ల లోపు వాడేవాళ్ళకు రెండో వంద యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. ఆ ధరకు సిలిండరు కంటే చవకే. కానీ 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆ పైవాటికి 7.70 నుంచి మొదలు. అక్కడికి వెళ్తే గ్యాసే నయం. మేము నెలకు 150 వాడతాం కాబట్టి పాలు, టీ, పొద్దుటి ఉప్మా మాత్రమే ఇండక్షన్ మీద. పండగ నెలలో మీటరు చూసుకుంటూ ఉంటాను. స్నానాలకు హీటర్ రాడ్ వాడమని మాత్రం చెప్పలేను. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, బకెట్లో చేయి పెడితే ప్రాణాలకే ముప్పు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి, మీరు అది చేయకూడదని. 2023లో గ్యాసు 1,155 అయిన నెలలోనే పిల్లల ఫీజులు, ఇంటద్దె పెంపు కలిసొచ్చాయి. నాకు వెంటనే కోయడానికి కనిపించింది కంచమే. లీటరు పాలు అర లీటరు చేశాను. పప్పు వారానికి రెండుసార్లే. గుడ్లు మానేశాం. పండ్లు అసలే లేవు. చారు, పచ్చడితో సర్దుకుపోదామన్నాను, పిల్లలు ఎదురు చెప్పలేదు. ఐదు నెలలకు తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బడి ప్రార్థనలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే రక్తం తొమ్మిది గ్రాములే ఉందన్నారు. మాత్రలు, పరీక్షలు, ఆటో ఖర్చులు కలిపితే నేను పాలలో మిగిల్చినదంతా పోయింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ పిల్ల అన్నం చాలని లేచేటప్పుడు అమ్మకు మిగలాలని లేచిందని నాకు తర్వాత తెలిసింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో పప్పు, పాలు, గుడ్లు, ఆకుకూర, ఈ నాలుగింటి జోలికి ఎవరూ వెళ్ళరు. వాటికి డబ్బు ముందు పక్కన పెడతాను. కోత మిగతావాటిలో. మూడు నెలలు నోటుపుస్తకంలో ప్రతి రూపాయి రాశాక తెలిసింది, మా ఇంట్లో గ్యాసు కంటే ఎక్కువ డబ్బు మూడు చోట్ల పోతోంది. ఎవరూ చూడని టీవీ ప్యాకేజీ, మా ఆయన బయటి టీ, పకోడీలు, నెలకో కొత్త వాయిదా. ఫోను వాయిదాలు తీరిపోయాక కొత్తవి పెట్టుకోలేదు. టీ ఫ్లాస్కులో పోసి ఇస్తున్నాను.

ఇంకో పద్ధతి మా అత్తయ్య నేర్పినది. ఏడాది సరుకులు పంట కాలంలోనే కొనడం. కొత్త కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తాయి. ఆ వేళకు చీటీ పాడుకుని, ఆ డబ్బుతో బేగంబజారులో ఏడాదికి సరిపడా తెచ్చి, ఎండబెట్టి డబ్బాలకెత్తుతాం. నెలనెలా కిరాణా కొట్లో కిలో చొప్పున కొన్నదానికీ దీనికీ తేడా చూసి నేనే ఆశ్చర్యపోయాను. కూరగాయలకు రైతు బజారు. అక్కడ ధరల బోర్డు ఉంటుంది, బేరమాడనక్కర్లేదు.

చివరగా మీ అత్తగారి కట్టెల పొయ్యి. దయచేసి వద్దు. మా అమ్మ సూర్యాపేట దగ్గర పల్లెలో ఉంటుంది. 1999లో మొదలైన దీపం పథకం కింద, డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు, రెండేళ్ళ తర్వాత అమ్మకు గ్యాసు కనెక్షన్ వచ్చింది. పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. కానీ మళ్ళీ సిలిండరు కొనాలంటే భయం. చుట్టాలొస్తేనే వెలిగించేది. మిగతా రోజులన్నీ పత్తికట్టె, కందికట్టె, ఊదుగొట్టం. దగ్గు మొదలై తగ్గలేదు. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, బీడీలు తాగే అలవాటుందా అని. జన్మలో బీడీ ముట్టని మనిషి. పొయ్యి పొగే ఊపిరితిత్తులను తినేసింది. ఇప్పుడు ఇన్‌హేలర్ లేనిదే రెండు మెట్లు ఎక్కలేదు, నెలకు దాని ఖర్చు సిలిండరు ఖర్చును మించిపోయింది.

మీ అత్తగారు మీ ఖర్చు తగ్గించాలనే ఆ మాట అన్నారు, కాబట్టి విసుక్కోకుండా మా అమ్మ సంగతి చెప్పండి. కట్టెల పొయ్యి పెట్టాలనుకున్న చోటే నీళ్ళ డ్రమ్ము పెట్టించండి. ఎండ ఎటు నుంచి ఎక్కువసేపు పడుతుందో ఆవిడకే బాగా తెలుస్తుంది. ఈసారి సిలిండరు మార్చిన తేదీకి సున్నా చుట్టి, ఎన్ని రోజులు వచ్చిందో ఇక్కడే రాయండి. నేను చూస్తుంటాను.