ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎన్ని గంటలు అని కాదు, డ్యూటీ లిస్టు ఎవరు వేస్తారని అడగండి

ఏడాదిన్నర బాబు ఉన్నాడు, నీట్ పీజీ ర్యాంకుకి హైదరాబాద్‌లో డీఎన్‌బీ (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో పనిచేస్తూ చేసే పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ వచ్చేలా ఉంది, సర్జరీ, గైనిక్ వాళ్లలా నైట్ డ్యూటీలు ఉండవు కదా అని మీరు అడిగారు. ఉంటాయండి. మూడేళ్లూ ఉంటాయి. నేను ఇదే కోర్సు ఇదే ఊళ్లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేశాను. ఇప్పుడు మల్కాజిగిరి వైపు సొంత క్లినిక్ నడుపుతున్నాను. "ఫ్యామిలీ మెడిసినే కదా, ఓపీ చూసుకుని ఇంటికి పోవచ్చు" అని మీకు చెప్పినవాళ్లు ఈ కోర్సు చేసినవాళ్లు మాత్రం అయ్యుండరు.

గంటలు ఎక్కువ అన్నది అసలు బాధ కాదు. జనరల్ మెడిసిన్ పీజీకి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది, దానికి పెద్దగా ఒక హెచ్‌ఓడీ ఉంటారు. తిట్టినా ఆయనే, సెలవిచ్చినా ఆయనే. మనం అన్ని విభాగాలూ నేర్చుకోవాలి కాబట్టి మెడిసిన్, పీడియాట్రిక్స్ (పిల్లల విభాగం), గైనిక్, సర్జరీ, క్యాజువాలిటీ అంటూ తిరుగుతూనే ఉంటాం. ఎక్కడికెళ్లినా ఆ కొద్ది నెలలకి వచ్చిన చుట్టాలం. వాళ్ల పీజీలు పరీక్షలకి సెలవు పెడితే ఆ ఖాళీలో మన పేరు పడుతుంది. మన తరఫున అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

డెంగీ సీజన్‌లో ఒక రాత్రి ఏం జరిగిందో చెప్తాను. మెడిసిన్ పోస్టింగ్‌కి అదే ఆఖరి రోజు, మర్నాటి నుంచి పీడియాట్రిక్స్. మెడిసిన్ వాళ్లు చివరి నైట్ నాకు వేశారు. పీడియాట్రిక్స్ వాళ్ల లెక్కలో కొత్త నెల ముందు రోజు రాత్రి డ్యూటీతోనే మొదలవుతుందట, వాళ్లూ అదే రాత్రి నన్నే వేశారు. సాయంత్రమే రెండు చోట్లా చెప్పాను. "వాళ్లతో మాట్లాడుకో" అని వీళ్లూ, "వీళ్లతో మాట్లాడుకో" అని వాళ్లూ అన్నారు. పొద్దున ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ అలాగే రాత్రిలోకి సాగింది.

అర్ధరాత్రి దాటాక మూడో అంతస్తులో ఒక డెంగీ కుర్రాడిని చూడమన్నారు. జ్వరం ఆ సాయంత్రమే దిగింది. ఇంట్లోవాళ్లు సంతోషంగా ఉన్నారు, పొద్దున డిశ్చార్జ్ చేసేయమంటున్నారు. కానీ డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగాకే మొదలవుతుంది. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు గానీ బీపీ, హిమాటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) సంగతి ఎవరూ అడగరు. నా క్లినిక్‌లోనూ రోజూ ఇదే గోల. ఆ కుర్రాడికి కడుపునొప్పి, రెండుసార్లు వాంతి, చేతులు చల్లగా ఉన్నాయి. బీపీ 100/84. పైది బాగానే ఉంది కదా అనుకుంటే పొరపాటు. పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడా 20కి లోపు వచ్చిందంటే షాక్‌లోకి, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి వెళ్తున్నట్టే. సెలైన్ మొదలుపెట్టించి పక్కనే నిలబడ్డాను.

అప్పుడే ఐదో అంతస్తు నుంచి ఫోన్. రెండేళ్ల పాపకి ఫిట్స్. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి పరిగెత్తాను. అక్కడి సీనియర్ సిస్టర్ అప్పటికే పాపని పక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ ఆపే మిడజోలం స్ప్రే చేతిలో పట్టుకుని ఉంది. ఫిట్స్ ఆగాయి. పాప తల్లి నా కోటు చెయ్యి పట్టుకుని "మీరు వెళ్లకండి మేడమ్, ఇక్కడే ఉండండి" అంటోంది. జేబులో ఫోన్ మోగుతోంది, మూడో అంతస్తు నుంచి. ఆ చెయ్యి నేనే విడిపించుకోవాల్సి వచ్చింది. మెడిసిన్ కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే, పాపం ఆయన విసుక్కోకుండా ఇంటి నుంచి వచ్చారు. ఇద్దరూ బతికారు. పొద్దున రౌండ్స్‌లో నన్ను అడిగింది మాత్రం, కేస్ షీట్‌లో నోట్స్ ఎందుకు పూర్తి కాలేదని. ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది.

ఇవన్నీ రూల్స్ లేక జరుగుతున్నవి కావు. 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ల (ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే మనలాంటి డాక్టర్ల) గురించి ఆదేశం ఇచ్చింది: ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదు, జూనియర్ రెసిడెంట్లకి వారానికి 48 గంటలు, వంతులవారీగా వారానికో సెలవు. 2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనల్లోనేమో "సమంజసమైన పని గంటలు" అని రాశారు, అంకె లేదు. ఏది సమంజసమో ఎవరు తేల్చాలి? 31 ఏళ్ల తర్వాత రాసిన నిబంధనల్లో ఆ అంకే లేదంటే అది ముందుకెళ్లడమా?

నా బ్యాచ్‌మేట్ యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికాలో డాక్టర్ లైసెన్సు పరీక్ష) రాసి అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ చేసింది. అక్కడ పరిమితి వారానికి 80 గంటలు, అదీ నాలుగు వారాల సగటు. ఒకే విడత 24 గంటలు, హ్యాండోవర్ (తర్వాతి డాక్టర్‌కి కేసులు అప్పగించడం) లాంటి వాటికి ఇంకో నాలుగు వరకూ. మన 48తో పోలిస్తే చాలా ఎక్కువే. కానీ తను చేసిన ప్రతి గంటా నమోదయ్యేది, ఏ నెలలో ఏ రాత్రి డ్యూటీయో చాలా ముందే తెలిసేది. ఆ నియమాలు కూడా ఊరికే రాలేదు. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చనిపోయాక, గంటల తరబడి డ్యూటీతో అలసిన రెసిడెంట్ల చేతిలో వదిలేశారంటూ జర్నలిస్టైన ఆమె తండ్రి ఏళ్ల తరబడి పోరాడితే 1989లో ఆ రాష్ట్రంలో, 2003లో దేశమంతటా పరిమితి వచ్చింది. లెక్క పెట్టని 48 కంటే లెక్క పెట్టే 80 నయమని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే కౌన్సెలింగ్‌లో సీటు లాక్ చేసే ముందు అక్కడి సెకండియర్ రెసిడెంట్‌కి ఫోన్ చేయండి. వారానికి ఎన్ని గంటలని అడిగితే "మేనేజ్ చేయొచ్చు" అంటారు, అందరూ అదే అంటారు. ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ల లిస్టు మీద సంతకం ఎవరిది, పోస్టింగ్ మారే రాత్రి డ్యూటీ ఎవరికి పడుతుంది, నైట్ చేసిన మర్నాడు నిజంగా ఎన్నింటికి బయటపడ్డారు, ఇవి అడగండి. ఏడాదికి 30 రోజుల సెలవు కాగితం మీద ఉంది. అడిగితే ఎవరు ఇచ్చారో కూడా కనుక్కోండి.

బాబు విషయానికొస్తే, 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఇంతమంది ఆడ డాక్టర్లు, సిస్టర్లు పనిచేసిన మా ఆసుపత్రిలో నాకు అది కనిపించలేదు. అక్కడ ఉందో లేదో అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మీ ర్యాంకుకి రెండు ఆసుపత్రులు వస్తే పేరున్నది వదిలేసి, మీ అమ్మగారికో అత్తగారికో దగ్గరగా ఉన్నది తీసుకోండి. మియాపూర్‌లో నైట్ చేసి ఎల్‌బీనగర్ దాకా నిద్రకళ్లతో స్కూటీ నడపొద్దు. మెట్రో ఎక్కండి.