తాతయ్య బండి నంబరు పోతుందా?

ప్రశ్న: మా తాతయ్య 1968లో కొన్న బుల్లెట్ ఇప్పటికీ మా రేకుల పంచలో ఉంది. నంబరు పలక మీద అక్షరాలు ఆయనే కుంచెతో రాశారు. బండిని మళ్లీ నడిపితే ఆ నంబరు పోతుందా? పలకకు రంగు వేయించమంటారా?
– ఒక మనవరాలు, కావలి

జవాబు: నంబరు పోదమ్మా. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే ప్రదర్శనలకు, ర్యాలీలకే గానీ రోజూ బజారుకు తీసుకెళ్లకూడదు. ముందు ఆర్సీ పుస్తకం వెతకండి. తాతయ్య పేరునే ఉంటే వారసుల పేరుకు మార్పించాలి.

రంగు మాత్రం దయచేసి వేయించకండి! నెల్లూరు జిల్లాకు ఏపీ 26 రాకముందు నాటి పలక అది. ఆ చేతిరాత మళ్లీ రాదు. కావలిలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. నిమ్మకాయతో, చింతపండుతో తోమవద్దు. పొడిబట్టతో తుడిచి, వెనుకవైపు, రంగు లేచిన చోట కుట్టుమిషను నూనె పలచగా పూయండి. మా నాన్నగారి లాంబ్రెట్టా పలకను మేము పాత ఇనుముకు వేసేశాం. ఆ నంబరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.