షాపు తెరవబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

లాయల్టీ కార్డులు, యాప్, వాట్సాప్ గ్రూపు పెడితే కస్టమర్లంతా ఒక కుటుంబంలా కలుస్తారా అని అడిగావు. వాటితోనే కలవరు తల్లీ. పాయింట్ల కోసం వచ్చేవాళ్లు ఇంకోచోట ఎక్కువ పాయింట్లిస్తే అటే వెళతారు, అది వాళ్ల తప్పు కాదు. కార్డు నీకూ కస్టమర్‌కూ మధ్య ఉండే లెక్క. నీకు కావలసింది కస్టమర్లకు ఒకరితో ఒకరికి పరిచయం. ఇన్నేళ్ల వ్యాపారంలో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

అందుకని ముందు చోటు చూసుకో. కట్టే అద్దెకు ప్రతి అడుగులోనూ సరుకు పెట్టాలనిపిస్తుంది. కానీ ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే మూడోవాళ్లకు దారి లేని షాపులో ఎవరూ ఆగరు. గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల షాపులు చూడు. యుద్ధం ఆట ఆడుకునే చిన్న చిన్న సైనికుల బొమ్మలు అమ్ముతారు, వాటికి రంగులు వేసుకోవడానికి, ఆడుకోవడానికి అక్కడే బల్లలు వేస్తారు. కొన్నవాడు మళ్లీ వచ్చి కూర్చునేది ఆ బల్ల దగ్గరే, పక్కవాడితో మాట కలిసేదీ అక్కడే.

చోటు తర్వాత వేళ. ఏడాదికోసారి ఆర్భాటంగా చేసే ఫంక్షన్ కన్నా వారంవారం ఒకే రోజు, ఒకే సమయానికి జరిగే చిన్న కూడిక మేలు. ఒకదాన్ని పదే పదే చూడటంతోనే దానిమీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ (Zajonc) అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపించాడు. మొదటి వారం ముఖం, మూడో వారం పేరు, ఆ తర్వాత కబుర్లు. నలుగురే వచ్చారని మొదట్లోనే ఆపేయకు. నువ్వు అమ్మే సరుకుకు తగిన పని పెట్టు. బూట్లయితే కలిసి పరుగెత్తడం, ఊలు అయితే అల్లిక, పనిముట్లయితే రిపేరు నేర్పడం. ఆ గంటలో మాత్రం అమ్మకం ఊసెత్తకు. అమ్మడానికే పిలిచారని ఒక్కసారి అనిపించిందంటే మళ్లీ రారు.

ఇదంతా నడిపేది స్టాఫే. "మీరు అడిగిందే వీరూ అడుగుతున్నారు" అని ఇద్దరు కస్టమర్లను కలపగల మనిషి ఒక్కరున్నా చాలు. అలాంటివాళ్లకు మంచి జీతమిచ్చి నిలుపుకో. వాళ్లు మానేస్తే నీ షాపులో ఎవరు ఎవరికి తెలుసో ఆ జ్ఞాపకమంతా వాళ్లతోపాటే పోతుంది. ఒకరి ఫోన్ నంబరు మాత్రం అడగకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇంకో మెట్టు ఎక్కాలంటే కస్టమర్ల చేతికి కొంత పెత్తనం ఇవ్వాలి. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది శ్రామికులు కలిసి సహకార దుకాణం పెట్టుకున్నారు. ఎంత పెట్టుబడి పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు. మిగులును ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి పంచుకున్నారు. అది వాళ్ల సొంత షాపు, కాబట్టి దాని మంచిచెడ్డలు వాళ్లే పట్టించుకున్నారు. నువ్వు వాటా ఇవ్వకపోయినా, ఏ కొత్త సరుకు తెప్పించాలో, వచ్చేవారం ఏం నేర్పాలో వాళ్లను అడగవచ్చు. అడిగితే అడిగినట్టు చెయ్యాలి సుమా! చేయలేకపోతే కారణం చెప్పాలి. ఉత్తుత్తిగా అడగడం అసలు అడగకపోవడం కన్నా చెడ్డది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం ఒకటుంది. కూడిక బలపడేకొద్దీ పాతవాళ్లు గుంపు కట్టేస్తారు. తమలో తామే నవ్వుకుంటారు, తమకే తెలిసిన మాటలు మాట్లాడుకుంటారు. గుమ్మంలోకి వచ్చిన కొత్తవాళ్లకు పరాయి ఇంట్లోకి వచ్చినట్టుంటుంది. నీకేమో షాపు కళకళలాడుతున్నట్టే కనిపిస్తుంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడు నువ్వే లేచి వెళ్లి, ఒక పాతమనిషి పక్కన కూర్చోబెట్టు. పాతవాళ్లలో ఓపికున్నవాళ్లకు ఈ పని అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు. ఏమీ కొనకుండా కూర్చుని వెళ్లేవాళ్లను చిన్నచూపు చూడకు.

ర్యాకులు బిగించకముందే షాపు ప్లాన్ ఒకసారి నాకు పంపు. ఆ బల్ల ఎక్కడ వేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య