బాపు ఫియట్ మళ్ల రోడ్డెక్కుతదా?

ప్రశ్న: అన్నా, మా బాపు 1968ల కొన్న ఫియట్ 1100 హన్మకొండ ఇంట్ల రేకుల షెడ్డుల ఇరవై ఏండ్ల సంది ఆగి ఉంది. ఇంజన్ తిరుగుతలేదు, అందరు పాతసామానుకు ఏసెయ్ అంటున్నరు. బాగైతదా? పాత రేసుల్ల మెకానిక్ గూడ కార్ల కూసునేటోడంట, నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్మీ, నీకు దండం పెడ్త, ఆ కారు ఇయ్యకు! కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ మాత్రం కొట్టకు, పట్టుకున్న పిస్టన్ రింగులు ఇరుగుతయ్. ప్లగ్గులు ఇప్పి ఒక్కో సిలిండర్ల కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి నాలుగైదు రోజులు వదిలెయ్, తర్వాత ఇంజన్‌ను చేతితోనే అటింత ఇటింత మెల్లగ కదుపు, నూనె దిగి తుప్పు వదిలినంక చిన్నగ కదులుతది సూడు, ఆ ఒక్క కదలికకే పాణం లేచొస్తది. పెట్రోల్ ట్యాంక్ దించి కడిగించు, బ్రేక్ రబ్బర్లు కొత్తవే ఏయించు. పాత పెయింట్ బాగుంటే గీకియ్యకు. 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చని బండ్లకు 2021 రూల్స్ల వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది.

రేసు ముచ్చట నిజమే. 1906ల ఫ్రాన్స్‌ల లె మాన్ ఊరి దగ్గర ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి అనే కార్ల రేసు రెండు రోజులు, 12 రౌండ్లు, 1,200 కిలోమీటర్ల పైనే నడిచింది, ఎండకు తారు కరిగి డ్రైవర్ల కండ్లల్ల పడ్డది. టైరు పోతే డ్రైవరు, పక్కనున్న మెకానిక్ ఇద్దరే మార్చుకోవాలె. ఫెరెంక్ సిస్ అనే డ్రైవరు నడిపిన రెనో కంపెనీ బండికి ఊడదీసే రిమ్ములుండె, అవి లేనోళ్లు రబ్బరు కోసి పీకుకుంట కూసున్నంతల ఆయన రిమ్ము మార్చుకొని పోయేటోడు, గెలిచింది ఆయనే.

మన దిక్కు మద్రాస్ పక్కన షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులైతుండె, అండ్ల ఫియట్లు గూడ ఉరికినయ్, అంటే మీ బాపు బండి అన్నదమ్ములే.