‘మా’ దగ్గర ఆగు, తమ్ముడూ

నల్లగొండ

ప్రియమైన తమ్ముడికి,

అచ్చంపేట నుంచి నువ్వు పంపిన కథ, దానితో పెట్టిన ఉత్తరం అందాయి. కథను మూడుసార్లు చదివాను. ముందు ఉత్తరం సంగతి చూద్దాం.

ఫారసీలో ‘మా’ అంటే ‘మేము’ అని చదివావట. మన ‘మా’ నిజాంల కాలంలో అక్కడి నుంచే వచ్చి ఉంటుందని రాశావు. ఫారసీ మాటకు ఆ అర్థం ఉన్న సంగతి నిజమే. మన మాట పుట్టుక వేరు. ‘దస్తావేజు’ ఫారసీ నుంచి వచ్చింది, ‘జమీను’ వచ్చింది. ‘మా’ మాత్రం మేము, మమ్మల్ని, మాకు అనే ఇంటి పిల్ల. నిజాంల పేరు ఎవరూ వినని రోజుల్లో, 11వ శతాబ్దపు నన్నయకే అది తెలుసు. పెదవులు మూసి తెరిస్తే పుట్టే ధ్వని కాబట్టి ఎన్నో భాషల్లో ఉంటుంది, ఎక్కడో ఒకచోట రెండింటి అర్థాలు కలుస్తాయి. సంతలో ఇద్దరు ఒకే రంగు చొక్కా వేసుకుని కనబడితే అన్నదమ్ములని అనుకోము కదా. అమ్మను పిలిచే మాటల్లో ‘మ’ ఇన్ని భాషల్లో ఎందుకు వినబడుతుందో రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో ఒక వ్యాసంలో వివరించాడు. పాలు తాగే బిడ్డ నోరు తెరవకుండా ముక్కుతో చేయగలిగిన ధ్వని అదేనట. అయినా జార్జియా దేశపు భాషలో ‘మామ’ అంటే నాన్న. మనకు మేనమామ.

ఊహ తప్పినా, ఇంత చిన్న మాటను వెంబడించాలన్న నీ తపన నాకు ఎంతో నచ్చింది. నీ వయసులో నేనూ దాని వెంట తిరిగాను. పలుకులో కాస్త సాగదీతా, కుదింపూ ఉంటాయనుకో. ఇటలీలో అది ‘కానీ’. హంగరీలో ‘ఈ రోజు’. ఎస్తోనియాలో ‘నేను’. అరబ్బీలో ‘ఏమిటి’ అని అడగడానికీ అదే, ‘కాదు’ అనడానికీ అదే. చివర గొంతు కాస్త బిగిస్తే నీళ్ళు. చైనాలో స్వరం మారిస్తే అమ్మ, గుర్రం, తిట్టు. జపానులో మాత్రం రెండు వస్తువుల మధ్య, రెండు మాటల మధ్య ఉండే ఖాళీకి ఆ పేరు. ఈ ఖాళీని గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నన్ను కదిలించింది వియత్నాం. అక్కడి భాషలో ఒక స్వరంలో పలికితే దయ్యం, ఇంకో స్వరంలో సమాధి. గొంతును కిందికి దించి టక్కున ఆపితే వరి నారు. ఇది తెలిసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మా మిర్యాలగూడ వైపు చెలకలు పొలాలయ్యాయి. నా చిన్నతనం నారుమళ్ళ గట్ల మీదే గడిచింది. మా అమ్మ గుప్పెడు నారు పీకి, వేళ్ళకు అంటిన బురదను నీళ్ళలో జాడించి, గడ్డిపోచతో ఒక చుట్టు చుట్టి, వెనక్కి చూడకుండానే పక్కకు వేసేది. ఎక్కడో ఎర్ర నది ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో వంగిన ఇంకొక తల్లి, చేతిలోని అదే పచ్చని కట్టను ‘మా’ అంటుందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. దయ్యానికీ నారుకీ మధ్య వాళ్ళకు తేడా చూపేది గొంతు. మనకు పక్కనున్న మాట. ‘మా కాలువ’ అంటే కాలువ మాది. ‘మా గొప్ప కాలువ’ అన్నామంటే అది చాలా గొప్పది కావచ్చు, ఎవరిదైనా కావచ్చు.

సంస్కృతంలో ‘మా’ అంటే ‘వద్దు’. లక్ష్మీదేవి పేరు కూడా అదే. ‘మా నిషాద’ అని మొదలయ్యే శ్లోకం నీకు తెలుసు. క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని కొట్టిన బోయవాడిని చూసి వాల్మీకి నోట వచ్చిన శాపం అది. వ్యాఖ్యాతలు ఆ అక్షరాలనే కలిపి చదివి, ‘లక్ష్మికి నివాసమైనవాడా’ అని విష్ణువును పొగిడే అర్థం చెప్పారు. వాళ్ళ పాండిత్యానికి దండం పెడతాను. నా మనసు మాత్రం శాపం వైపే ఉంటుంది. కళ్ళ ముందు పక్షి నేలరాలితే మనిషి నోట ముందుగా రావలసిన మాట ‘వద్దు’.

ఇప్పుడు నీ కథ. పెళ్ళయిన ఏడాదికి అక్క పుట్టింటికి వస్తుంది. అమ్మతో కలిసి వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, ‘మా ఊళ్ళో చింతపండు ఇంకా ఎర్రగా ఉంటుందమ్మా’ అంటుంది. అమ్మ చెయ్యి ఆగుతుంది. తమ్ముడూ, ఇది ఎంత మంచి చోటో నీకు తెలిసే రాశావా? అక్క నోట నిన్నటిదాకా ‘మా ఊరు’ అంటే ఆ వాకిలి ఉన్న ఊరే. ఈ రోజు అమ్మ అవతలికి వెళ్ళిపోయింది. హిందీ, ఉర్దూల్లో ‘హమారా’ అంటే వినేవాళ్ళు అందులో ఉన్నారో లేరో మాటలో తెలియదు. మనం ‘మన’ అని లోపలికి తీసుకుంటాం, ‘మా’ అని బయట నిలబెడతాం. వియత్నాం వాళ్ళకూ ‘మేము’, ‘మనం’ వేరువేరుగా ఉన్నాయి. ఈ తేడా ఉన్న భాషలో రాసేవాడు ఆ గీత ఎక్కడ పడుతుందో చూసుకోవాలి.

నేను చూసుకోని రోజు ఒకటుంది. నా మొదటి కథల్లో ఒకదానిలో గుత్తేదారు కూలీలతో ‘మన పని తొందరగా అయిపోవాలి’ అంటాడు. దేవరకొండ బస్టాండులో ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి ఆ కథ గురించి అడిగాడు. ఇరవై ఏళ్ళు ఊరూరా మట్టి పనికి వెళ్ళివచ్చిన పాలమూరు మనిషి. ‘గుత్తేదారు మన పని అన్నాడంటే ఆ వారం కూలి ఇవ్వడు బాబూ. కథలో ఇచ్చాడని రాశారెందుకు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను ఆ మాటను ఆలోచించకుండా వేశాను. ఆయన దాని మీద ఇరవై ఏళ్ళు బతికాడు.

నువ్వు మాటను సరిగ్గా వేసి, తర్వాత దాన్ని నమ్మలేదు. అమ్మ చెయ్యి ఆగాక పది వాక్యాలు రాశావు: కూతురు పరాయిదైపోయిందని, పేగుబంధమని, గుండె బరువెక్కిందని. అవన్నీ కొట్టెయ్యి. ఒక్క గింజ చేటలో పడిన చప్పుడు ఉంచు, చాలు. తర్వాతి మాట అక్కదే కానివ్వు, ఆమెకు ఏమీ తెలియనట్టే.

చివర బస్సు దగ్గర అమ్మ ‘మన ఇంటికి మళ్ళీ ఎప్పుడు వస్తావు’ అంటుందని రాశావు. అక్కడ నాకు అనుమానం ఉంది. ‘మన ఇంటికి’ అంటుందా, ‘మా ఇంటికి’ అంటుందా, రెండూ లేకుండా ‘ఇంటికి ఎప్పుడు వస్తావు’ అంటుందా? నాకు మూడోదే వినబడుతోంది. జపాను వాళ్ళ ఖాళీ అని చెప్పానే, అది ఇక్కడ ఉందనిపిస్తోంది. కానీ ఆమె నీ కథలోని అమ్మ. ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మ ఎవరినైనా సాగనంపుతుంటే పక్కన నిలబడి విను. విన్నాక ఆ వాక్యం మళ్ళీ రాసి పంపు.

నీ అన్న